ఎరగాన్: అప్పెంత, అసలెంత?

పుస్తకాల పురుగు:
మా అక్క కొడుకు ఎనిమిదో తరగతి. పోయిన ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, నీలం డ్రాగన్ ముఖం ఉన్న అట్ట చూసి అక్కడే ఆగిపోయాడు. క్రిస్టఫర్ పావొలీనీ రాసిన 'ఎరగాన్'. బేరమాడి నూట ఇరవైకి తెచ్చాం. దాదాపు 500 పేజీల పుస్తకాన్ని నాలుగు రోజుల్లో ఊదేశాడు. వాడి తర్వాత నేను చదివాను. సగం నచ్చింది, సగం విసుగొచ్చింది. ఆ మాట అన్నందుకు వాడు నాతో సరిగా మాట్లాడటం లేదు.

చదవనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. కార్వహాల్ అనే కొండపల్లెలో మేనమామ ఇంట్లో పెరిగిన పదిహేనేళ్ళ కుర్రాడు ఎరగాన్. వేటకెళ్ళినచోట అతనికి నున్నటి నీలం రాయి దొరుకుతుంది. అది రాయి కాదు, గుడ్డు. అందులోంచి సఫీరా అనే ఆడ డ్రాగన్ పుడుతుంది. దాన్ని వెతుక్కుంటూ రాజు పంపిన రాక్షసులు వచ్చి ఇల్లు కూల్చేస్తారు, మేనమామ చచ్చిపోతాడు. ఊళ్ళో కథలు చెప్పుకుని బతికే ముసలాయన బ్రామ్ వెంట కుర్రాడు పగ తీర్చుకోడానికి బయల్దేరతాడు.

నా ప్రశ్న ఇది. ఈ పుస్తకం సొంత కాళ్ళ మీద నిలబడుతుందా, లేక అరువు సరుకా? రచయిత పదిహేనేళ్ళప్పుడు రాయడం మొదలుపెట్టాడని మనం మార్కులు కలపాలా? కింద స్పాయిలర్లు తప్పవు, చదవబోయేవాళ్ళు ఇక్కడే ఆగండి.

గోదారి గట్టు:
అరువు సరుకే. అందులో అనుమానం దేనికండీ? 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' మొదటి సినిమా పక్కన పెట్టుకుని చూడండి. శత్రువులకు దొరికిపోయే ముందు రాకుమారి విలువైన వస్తువును దూరంగా పంపేస్తుంది. అది పొలంపని చేసుకునే కుర్రాడికి దొరుకుతుంది. పెంచినవాళ్ళు చచ్చిపోతారు. పక్కనున్న ముసలాయన ఒకప్పటి వీరుడని తేలుతుంది, కత్తి ఇస్తాడు, దారిలో చచ్చిపోతాడు. రాకుమారిని చెరలోంచి విడిపించి తిరుగుబాటుదారుల స్థావరానికి చేరుస్తారు, అక్కడ చివరి యుద్ధం. అంతరిక్ష నౌక తీసి డ్రాగన్‌ను పెడితే సరిపోయింది.

మిగతాదీ అంతే. ఎల్ఫులు అనే మంత్రశక్తి ఉన్న జాతి, మరుగుజ్జులు 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ ఇంటివాళ్ళు. వస్తువు అసలు పేరు తెలిస్తే దాని మీద పట్టు దొరుకుతుందన్నది అర్సులా లెగ్విన్ 1968లోనే రాసింది. డ్రాగన్‌తో మనసులో మాట్లాడుకోవడం ఆన్ మెకఫ్రీ దగ్గర ఉంది. 'డ్రాగన్'లో మొదటి అక్షరం మారిస్తే హీరో పేరు!

నీలిరెక్కలు:
గోదారి గట్టు గారూ, ఆ జాబితా ఇంటర్నెట్‌లో ఇరవై ఏళ్ళుగా తిరుగుతోంది. తప్పని నేనూ అనను. కానీ మనం చందమామ చదివి పెరిగినవాళ్ళం కదండీ. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్‌లో మాంత్రికుడు, పాడుబడ్డ కోట, అడవిలో దారి తప్పిన యువకుడు ఎన్నిసార్లు రాలేదు? "ఇది పోయిన సీరియల్‌లాగే ఉందే" అని ఎవరైనా పత్రిక పక్కన పడేశారా? వచ్చే నెల కోసం పోస్ట్‌మ్యాన్‌కి ఎదురెళ్ళాం. పిల్లల జానపదానికి కొత్త అస్థిపంజరం అక్కర్లేదు. దాని మీద కండ ఎలా పట్టిందన్నదే చూడాలి.

కండ ఎక్కడుందో ఒకటి చెప్తాను. ఎరగాన్ మొదటిసారి సఫీరా మీద ఎక్కి ఎగిరే సన్నివేశం. మామూలుగా ఇలాంటి చోట మబ్బులు, గాలి, కేరింతలు రాస్తారు. ఇక్కడ పొలుసులు గరుకుగా ఉండి తొడల లోపలివైపు చర్మమంతా లేచిపోతుంది. దిగాక నడవలేడు. అవతల ఇంట్లో మేనమామ ప్రమాదంలో ఉన్నాడు, ఇవతల వీడి కాళ్ళు రక్తం కారుతున్నాయి. తర్వాత బ్రామ్ కూర్చుని తోలుతో జీను కుట్టాల్సి వస్తుంది. డ్రాగన్ మీద ఎక్కితే ఒరుసుకుపోతుందన్న ఆలోచన వచ్చిందంటే, రచయిత నిజంగా ఆ వీపు మీద కూర్చున్నట్టు ఊహించుకున్నాడన్నమాట. దాన్ని అరువు అనను.

లెక్కల మాస్టారు:
నాకు నచ్చింది మంత్రాల లెక్క. ఏ పనైనా చేత్తో చేస్తే ఎంత శక్తి ఖర్చవుతుందో, మంత్రంతో చేసినా అంతే ఖర్చవుతుంది. ఒంట్లో ఉన్నదానికన్నా పెద్ద పని తలపెడితే ప్రాణం పోతుంది. యాజువాక్ అనే ఊళ్ళో ఎరగాన్ మొదటిసారి, తెలియకుండానే, నిప్పు మంత్రం వాడి అర్గల్స్ అనే కొమ్ముల జాతి సైనికుల్ని ఇద్దర్ని చంపుతాడు. చంపి, నిలబడలేక ఊగిపోతాడు. ఆ తర్వాత బ్రామ్ ఇచ్చే శిక్షణ ఎలా మొదలవుతుందో గమనించండి. చేతిలో గులకరాయి పెట్టి, దీన్ని లేపు అంటాడు. అంతే. పిల్లలకి శక్తి నిత్యత్వ సూత్రం చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు, క్లాసులో రెండుసార్లు వాడుకున్నాను కూడా.

ఎడారిలో నీళ్ళు లేనప్పుడు వీళ్ళు మంత్రంతో భూమిలోంచి నీళ్ళు రప్పించుకుంటారు. ఇంకో పుస్తకంలో అయితే చిటికెలో ఊట పుట్టేది. ఇక్కడ ముందు భయం: నీళ్ళు మరీ లోతుగా ఉంటే లాగేవాడు చస్తాడు కదా! ఆ భయం వల్లే సన్నివేశం నిలబడింది.

ఇంత కచ్చితంగా లెక్క వేసినవాడు చదువు దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. టీర్మ్ అనే రేవు పట్టణంలో ఓడ సరుకుల చిట్టాలు వెతకాల్సి వస్తే, ఎరగాన్‌కి అక్షరాలు రావని బయటపడుతుంది. బ్రామ్ నేర్పిస్తాడు. వారం తిరిగేసరికి కుర్రాడు చదివేస్తుంటాడు! ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి కాసేపు నవ్వుకున్నాను. కత్తిసామూ అంతే, కొన్ని నెలల్లో మొనగాళ్ళతో సరిసమానం.

గోదారి గట్టు:
మాస్టారూ, నా గొడవా అదే, నేను పాయింట్ వేరే చోట పెట్టానేమో. వాడికి అన్నీ ఇట్టే వచ్చేస్తాయి.

దూరపు కొండ:
నేను అమెరికాలో మా ఊరి లైబ్రరీలో వారానికి ఒకరోజు పిల్లల సెక్షన్‌లో వాలంటీర్‌గా ఉంటాను. రచయిత వయసు గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. పావొలీనీది మోంటానా. బడికి వెళ్ళలేదు, ఇంట్లోనే చదువు. పదిహేనేళ్ళకే హైస్కూల్ పూర్తిచేసి ఇది మొదలుపెట్టాడు. 2002లో ఇంట్లోవాళ్ళే సొంతంగా అచ్చువేశారు. అట్ట మీద బొమ్మ, లోపలి మ్యాపు కుర్రాడే గీశాడు. మధ్యయుగం నాటి వేషం వేసుకుని బడులూ లైబ్రరీలూ తిరిగి అమ్ముకున్నాడు. కార్ల్ హయాసెన్ అనే పేరున్న రచయిత ఇంట్లో కుర్రాడికి ఈ పుస్తకం తెగ నచ్చితే, ఆయన తన ప్రచురణకర్తలకి చెప్పాడు. అలా 2003 ఆగస్టులో నాఫ్ సంస్థ ద్వారా మళ్ళీ వచ్చింది.

ఈ కథ వింటే ముచ్చటేస్తుంది, నిజమే. కానీ పాఠకుడి చేతికి వచ్చేది పుస్తకం, రచయిత జాతకం కాదు. నా లెక్కలో వయసుకు మార్కులు కలపకూడదు, తీసేయకూడదు కూడా. చాలామంది రెండోది చేస్తున్నారు: "పిల్లవాడు కదా, కాపీ కొట్టకుండా ఎలా రాస్తాడు" అనే ధోరణి. వయసు తెలియకుండా చదివినా వాక్యాల్లో బరువు తెలుస్తుంది. ప్రతి నామవాచకానికి రెండు విశేషణాలు, ప్రతి సూర్యాస్తమయానికి ఒక పేరా. మొదటి వాక్యంలోనే గాలి ఊళపెడుతూ, లోకాన్ని మార్చేసే వాసన మోసుకొస్తుంది! అక్కడ పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పెన్సిల్ పట్టుకోవాల్సింది.

నీలిరెక్కలు:
ఆ వాక్యం నాకు పదమూడేళ్ళప్పుడు ఒళ్ళు జలదరించింది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఈ రెండింట్లో ఏది లెక్క? పుస్తకం రాసింది పదమూడేళ్ళవాళ్ళకే కదా.

సంధ్యావందనం వదిన:
ఎవరూ ఆర్యా ఊసెత్తలేదేం? గుడ్డును పంపించిన ఎల్ఫ్ ఆమే. వందేళ్ళ వయసు, యుద్ధవిద్య, మంత్రవిద్య అన్నీ తెలిసినామె. జైల్లోంచి బయటపడ్డ దగ్గర్నుంచి మరుగుజ్జుల కొండ చేరేదాకా విషం ఎక్కి ఒంటి మీద స్పృహ ఉండదు. సఫీరా ఆమెని మోసుకెళ్తుంటుంది, మనవాడు మాత్రం అప్పటికే మనసు పారేసుకుని ఉంటాడు. మాట్లాడని మనిషితో ప్రేమేంటి నాయనా అనిపించింది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఆడ పాత్రలు లేవని కాదు. మూలికలమ్మే ఏంజెలా వచ్చిన పేజీలన్నీ వెలిగిపోతాయి. ఇక సఫీరా! పుట్టిన కొన్ని నెలలకే ఎరగాన్‌కి బుద్ధి చెప్పే స్థితికి వస్తుంది. అలుగుతుంది, అసూయపడుతుంది, "నీ ఆలోచన బాగాలేదు" అని మొహం మీదే అంటుంది. పుస్తకంలో పెద్దమనిషి అంటూ ఉంటే ఆ డ్రాగనే.

పుస్తకాల పురుగు:
వదినా, సఫీరా విషయంలో మా వాడూ నేనూ ఒక్కమాటే. మర్తాగ్ గురించి మాత్రం కొట్టుకున్నాం.

మర్తాగ్ అంటే సగం కథ నడిచాక కలిసే యువకుడు, చిక్కటి మనిషి. బానిసల్ని అమ్ముకునే టార్కెన్‌బ్రాండ్ అనేవాడు వీళ్ళ చేతికి చిక్కి, నిరాయుధంగా కింద పడి ఉంటాడు. మర్తాగ్ ఒక్క వేటుకి తల నరికేస్తాడు. ఎరగాన్ మండిపడతాడు: చేతిలో ఏమీ లేనివాణ్ణి ఎందుకు చంపావు? బతికుంటే మన జాడ చెప్పేస్తాడు, నాకు బతకడం ముఖ్యం అంటాడు మర్తాగ్. రచయిత ఎవరి పక్షమూ తీసుకోడు. మా వాడు మర్తాగ్ పక్షం, నేను ఎరగాన్ పక్షం. రాత్రి పదకొండు దాకా వాదించుకున్నాం, మా అక్క లైటు తీసేసింది. వీడియో గేమ్ తప్ప ఇంకో లోకం లేని పిల్లవాడు, చంపడం తప్పా ఒప్పా అని నాతో రెండు గంటలు మాట్లాడాడు. సగం నచ్చిందన్నానే, ఆ సగంలో పెద్ద వాటా దీనిదే.

గోదారి గట్టు:
సరే, అది మంచి సన్నివేశమే. మరి అదే పుస్తకంలో అర్గల్స్‌ని గుంపులు గుంపులుగా చంపుతుంటే ఎరగాన్‌కి ఒక్కసారీ ఆ ప్రశ్న రాదేం? కొమ్ములు ఉన్నవాళ్ళంతా చావాల్సినవాళ్ళేనా?

దూరపు కొండ:
ఈ భాగం వరకు మీ మాట న్యాయమే. తర్వాతి భాగాల్లో అర్గల్స్‌కీ ఒక జాతి మర్యాద, ఒక బాధ ఉన్నాయని చూపిస్తాడు, వాళ్ళు మనవాళ్ళ వైపు చేరతారు కూడా. కానీ మొదటి పుస్తకం అప్పు రెండో పుస్తకం తీర్చిందంటే, మొదటిది కొన్నవాడికి ఏం లాభం?

లెక్కల మాస్టారు:
తర్వాతి భాగం ఊసొచ్చింది కాబట్టి, నాకు బాగా నచ్చిన విషయం చెప్తాను. మొదటి పుస్తకం చివర్లో ఎరగాన్ ఒక పసిపాపని ప్రాచీన భాషలో దీవిస్తాడు. ఆ భాషలో అన్నది జరిగి తీరుతుంది. 'నీకు కీడు నుంచి రక్షణ ఉండాలి' అనబోయి, వ్యాకరణం తెలియక 'నువ్వే రక్షణ కావాలి' అన్నట్టు అనేస్తాడు. రెండో భాగం 'ఎల్డెస్ట్'లో తేలుతుంది: ఆ పాప చుట్టుపక్కల అందరి నొప్పినీ తన ఒంట్లో అనుభవించక తప్పదు.

మన వేదకథలో త్వష్ట గుర్తొచ్చాడా? కొడుకుని ఇంద్రుడు చంపాడన్న కోపంతో యజ్ఞం చేసి, 'ఇంద్రశత్రూ, పెరుగు' అంటాడు. స్వరం తప్పుతుంది. ఇంద్రుణ్ణి చంపేవాడు కావాల్సింది, ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు అవుతాడు. వృత్రుడి గతి అదే. మా నాన్నగారు నాకు స్వరం నేర్పేటప్పుడు ఈ కథే చెప్పి భయపెట్టేవారు. ఆ అమెరికా కుర్రాడికి ఇది తెలిసుండాలని నేననను. ఒక్క ప్రత్యయం తప్పితే ఒక జీవితం తలకిందులవుతుందని అతనికీ తోచింది చూడండి, ఎరగాన్‌కి ఏదైనా ఇట్టే రాని చోటు ఇది. ఇక్కడే అతను నాకు మనిషిలా కనిపించాడు.

నీలిరెక్కలు:
మాస్టారూ, అద్భుతం. వీపు మీద గాయం కూడా ఆ కోవలోదే కదా? ఆఖరి యుద్ధంలో డుర్జా అనే దుష్టమాంత్రికుడి కత్తివేటుకి వీపు చీలిపోతుంది. ఆర్యా, సఫీరా కలిసి మరుగుజ్జులు ప్రాణంలా చూసుకునే నక్షత్ర నీలమణిని బద్దలుకొట్టి, ఆ అదాటులో అతన్ని కాపాడతారు. గెలుపు ఉత్తినే రాలేదు, ఒక జాతి నిధి పోయింది, ఒక వీపు పోయింది.

గోదారి గట్టు:
ఆ వీపు సంగతి నన్ను అడగండి! ఎల్డెస్ట్‌లో ఆ గాయం వల్ల మూర్ఛలాంటి నొప్పి వచ్చి పడిపోతుంటాడు. మొదటిసారి ఈ కుర్రాడి మీద జాలి కలిగింది, ఇక ఎలా నెట్టుకొస్తాడో చూద్దామని కూర్చున్నాను. ఎల్ఫుల పండగలో ఒక్క రాత్రి మంత్రం పడి గాయం మాయం, పైగా ఎల్ఫులంత బలం, అందం బోనస్. అంతకుముందు వందల పేజీలు పడ్డ కష్టమంతా వాపసు! స్టార్ వార్స్ పోలికను నేను క్షమిస్తాను. దీన్ని క్షమించను.

లెక్కల మాస్టారు:
మీతో ఏకీభవిస్తున్నాను. శక్తి ఎక్కణ్ణించి వచ్చిందని లెక్క చూపించే పుస్తకం, అక్కడ మాత్రం బిల్లు చూపించలేదు.

సంధ్యావందనం వదిన:
పన్లో పని, 2006లో వచ్చిన సినిమా జోలికి మాత్రం పిల్లవాణ్ణి వెళ్ళనీయకండి. జెరెమీ ఐరన్స్ బ్రామ్‌గా బాగానే చేశాడు, మిగతాదంతా హడావిడి. సఫీరా పిల్లగా ఉండేది రెండు నిమిషాలు, ఎగిరి తిరిగి వచ్చేసరికి పెద్దదైపోతుంది.

పుస్తకాల పురుగు:
థాంక్స్ అందరికీ. త్వష్ట కథ మా వాడికి చెప్పాను. "అంటే మనవాళ్ళ దగ్గర్నుంచి కూడా కొట్టేశాడా?" అని కంగారుపడ్డాడు, కాదని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇప్పుడు వాడికి ఎల్డెస్ట్ కావాలట. పాతది ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. సగం నచ్చిన పుస్తకం రెండో భాగానికి పూర్తి ధర పెట్టనని వాడితో ముందే చెప్పేశాను.

గోదారి గట్టు:
నా దగ్గర ఉంది, పంపిస్తాను. మూడోదీ నాలుగోదీ కూడా ఉన్నాయి. నవ్వకండి.