అన్నయ్య అప్పగించి వెళ్ళిన పెద్ద చేప మూడు రోజులుగా తినట్లేదు, చెయ్యి పెడితే కరుస్తోంది

ఉండిరోడ్డు_27:
రాత్రి పదకొండున్నర నుంచి ఈ ట్యాంక్ ముందే కూర్చున్నాను, ఇప్పుడు రెండున్నర. మా అన్నయ్య ఉద్యోగానికి మస్కట్ వెళ్తూ తన చేపని నాకు అప్పగించాడు. పది అంగుళాలుంటుంది, ఎర్రగా, తల మీద పెద్ద బుడిపె. ఇంటికి తెచ్చి ఐదు రోజులైంది. మొదటి రెండు రోజులు బాగానే ఉంది, మనిషి కనిపిస్తే చాలు గాజు మీదకి ఉరికేది. ఇప్పుడు అడుగున ఓ మూల పడి గబగబా మొప్పలాడిస్తోంది. మేత ముట్టట్లేదు. సాయంత్రం రాయి సర్దుదామని చెయ్యి పెడితే కరిచింది, వేలు తెగి రక్తం కారింది. ఇరవై వీడియోలు చూశాను, ఒక్కొక్కరు ఒక్కో మందు చెప్పారు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కాబట్టి నీళ్ళ సమస్య కాదు. ఆ బుడిపె ఏమైనా గడ్డా? అన్నయ్యకి ఫోన్ చెయ్యాలంటే భయంగా ఉంది. రేపటికీ ఇలాగే ఉంటే కాలువలో వదిలేస్తాను, కనీసం ప్రాణమైనా దక్కుతుంది. దయచేసి ఎవరైనా చెప్పండి.

గాజుతొట్టి:
ట్యాంక్ సైజు? ఫిల్టర్ ఏది? నీళ్ళు ఎప్పుడు మార్చారు?

తుంగభద్ర:
చేప సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు గానీ, ఆ కాలువ ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకోండి. మీరు చెప్పిన పోలికల్ని బట్టి అది ఫ్లవర్‌హార్న్. ఏ నదిలోనూ పుట్టిన చేప కాదు. 1990లలో మలేషియాలో, మధ్య అమెరికాకి చెందిన సిక్లిడ్ అనే చేపల కుటుంబంలోని జాతుల్ని ఒకదానితో ఒకటి కలిపి తయారుచేశారు. అడుగు పొడవు పెరుగుతుంది, తన చోటులోకి వచ్చినదాన్నల్లా తరుముతుంది, చిన్న చేపల్ని మింగుతుంది. ఇలా అక్వేరియంల నుంచి బయటపడ్డ సక్కర్ చేపే కదా, డెవిల్ ఫిష్ అని ఇవాళ మన చెరువుల రైతులు తల పట్టుకుంటున్నది! తిలాపియా కూడా సిక్లిడే, అదీ బయటి నుంచి వచ్చి మన నీళ్ళలో పాతుకుపోయిందే. మనకంటూ సొంత సిక్లిడ్‌లు లేకపోలేదు. కేరళవాళ్ళు కరిమీన్ అని ప్రాణం పెట్టే చేప ఆ కుటుంబానిదే, మన తీరంలో ఉప్పుటేళ్ళలోనూ దొరుకుతుంది. వాటి చోట్లోకి దీన్ని వదలడం పాపం. పెంచలేకపోతే పెంచేవాళ్ళకి ఇవ్వండి, కాలువ వైపు మాత్రం చూడకండి.

మెహదీపట్నం_అక్వా:
బుడిపె గడ్డ కాదు బ్రదర్, దాన్ని కోక్ అంటారు. కొవ్వు పేరుకుని అలా పెరుగుతుంది. దాన్ని చూసే వేలకి వేలు పోసి కొంటారు, వాస్తు చేప అని హాల్లో పెట్టుకుంటారు. కోక్ మీద గుంటలు పడ్డాయా? రెట్ట తెల్లగా దారంలా వస్తోందా? అదుంటే వేరే జబ్బు, దానికి మందు వేరు. అంతవరకు వీడియోల్లో చెప్పిన ఏ మందూ పొయ్యకండి. అన్నట్టు వేలు సబ్బుతో బాగా కడుక్కోండి. వాపు గానీ ఎరుపు గానీ పెరిగితే డాక్టర్‌కి చూపించండి, ట్యాంక్ నీళ్ళు తగిలిన గాయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఉండిరోడ్డు_27:
గుంటలేం లేవు. రెట్టే కనబడట్లేదు, తింటే కదా. ట్యాంక్ మూడడుగులు. నీళ్ళు మార్చానండి, అందుకేగా శుభ్రంగా ఉన్నాయి అన్నాను. పంపు నీళ్ళే.

గాజుతొట్టి:
ఎంత మార్చారు? అన్నీనా?

మెహదీపట్నం_అక్వా:
పంపు అంటే నల్లా నీళ్ళా, బోరు నీళ్ళా?

ఉండిరోడ్డు_27:
పంపు అంటే పంపేనండీ.

చెరువుగట్టు:
మా వైపు పంపు అంటే కుళాయి అండి. చేతితో కొట్టేదాన్ని బోరింగు అంటాం.

మెహదీపట్నం_అక్వా:
మా కాలనీలో మోటారు వేసి బోరు నీళ్ళు పట్టినా పంపు నీళ్ళే అంటారు. పేరు కోసం అడగలేదన్నా. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్ళయితే ఉండదు, తేడా అక్కడుంది.

చెరువుగట్టు:
ఉండి రోడ్డు అంటే భీమవరమేగా, అక్కడ బోరు నీళ్ళు ఎవరు పోస్తారండీ, అన్నీ ఉప్పు నీళ్ళేగా. మున్సిపాలిటీ నీళ్ళే అయ్యుంటాయి. అయినా మొప్పలు గబగబా ఆడిస్తోందంటే నా లెక్కలో అది ఆక్సిజనే. ఇరవై ఏళ్ళుగా చెరువులు చేస్తున్నాను, తెల్లారుజామున నాలుగింటికి లేచి గట్టు మీద నిలబడితే చాలు, చేప పైకొచ్చి నోరు తెరిచే తీరులో నీళ్ళలో ఏం తగ్గిందో తెలిసిపోతుంది. ముందు నీళ్ళలోకి గాలి బుడగలు వదిలే ఏరేటర్ పెట్టండి. చెరువుల్లో వేసే ఖనిజం ఉంటుంది, జియోలైట్ అని, అది గుప్పెడు వెయ్యండి, అమ్మోనియా ఉన్నా లాగేస్తుంది.

గాజుతొట్టి:
ఇది పైకి రాలేదు, అడుగున పడుంది. అన్నీ మార్చారా అని అడిగాను.

ఉండిరోడ్డు_27:
అన్నీ మార్చాను. తెచ్చినప్పుడు ట్యాంక్ పాచి పట్టి ఉంది, ఫిల్టర్ ఒకటే కంపు. రెండో రోజు సాయంత్రం చేపని బకెట్లో పెట్టి ట్యాంక్ మొత్తం తోమాను. రాళ్ళు ఎండబెట్టాను. ఫిల్టర్‌లో స్పాంజీ, ఆ తెల్ల రింగులు మున్సిపాలిటీ కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా కడిగాను. సబ్బు వాడలేదు. ఇది చెప్పాల్సిన విషయం అనుకోలేదు, శుభ్రం చెయ్యడం తప్పు కాదు కదా.

మెహదీపట్నం_అక్వా:
దొరికింది. మీరు ప్రేమతోనే చేశారు, కానీ జరిగింది ఇదీ. ఆ స్పాంజీలో, రింగుల్లో ఉన్న మడ్డిలోనే బ్యాక్టీరియా ఉంటుంది. చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియాని అది నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, చివరిది అంత ప్రమాదం కాదు. మీరు కుళాయి క్లోరిన్‌తో ఆ బ్యాక్టీరియాని కడిగేశారు, రాళ్ళ మీద మిగిలింది ఎండలో పోయింది. ఇప్పుడా చేప తన విషంలో తనే ఉంది. అమ్మోనియాకి రంగుండదు, అద్దంలాంటి నీళ్ళలోనూ ఉంటుంది. పైగా నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 7 నుంచి 8కి వెళ్తే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు పది రెట్లవుతుంది.
మేత పూర్తిగా ఆపండి. ఆ సైజు చేప వారం తినకపోయినా ఏం కాదు. రోజూ మూడో వంతు నీళ్ళు మార్చండి, మొత్తం మాత్రం వద్దు. బకెట్లలో పట్టి ఒక రోజు నిలవుంచిన నీళ్ళు, లేదా షాపులో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, అవి కలిపినవి. కొత్త నీళ్ళు ట్యాంక్ నీళ్ళంత వెచ్చగానే ఉండాలి. లీటరుకి ఒక గ్రాము చొప్పున కల్లుప్పు విడిగా కరిగించి పొయ్యండి, నైట్రైట్ రక్తంలోకి ఎక్కకుండా అడ్డుకుంటుంది. తర్వాత మార్చిన నీళ్ళకి సరిపడా మాత్రమే ఉప్పు కలపండి. బ్యాక్టీరియా మళ్ళీ పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తెలిసినవాళ్ళ ఇంట్లో జబ్బుల్లేని పాత ట్యాంక్ ఉంటే ఆ ఫిల్టర్ స్పాంజీ ముక్క తెచ్చి మీ ఫిల్టర్‌లో పెట్టండి, చాలా త్వరగా కోలుకుంటుంది.

చెరువుగట్టు:
నేను చెప్పిన జియోలైట్ కూడా అదే పని చేస్తుందిగా. రెండూ వేస్తే ఇంకా మంచిది.

గాజుతొట్టి:
రెండూ వద్దు. ఉప్పు తగిలితే జియోలైట్ పట్టిన అమ్మోనియాని వదిలేస్తుంది.

చెరువుగట్టు:
మేం ఉప్పు నీళ్ళ చెరువుల్లోనే వేస్తున్నాం కదండీ, పని చెయ్యకపోతే రైతులందరూ ఎందుకు కొంటున్నారు?

గాజుతొట్టి:
కొంటున్నారు. ఉప్పు నీళ్ళలో దాని పట్టు పడిపోతుంది.

తుంగభద్ర:
మీ ఇద్దరి మాట ఎలా ఉన్నా, సాయం చెయ్యబోయి చంపేది ఇలాంటి అతి శుభ్రతే. మా ఇంట్లోనూ ఒకసారి ఇలాగే రెండు ఏంజెల్ చేపలు పోయాయి. ఆ బాధ తెలుసు కాబట్టి చెబుతున్నాను.

చెరువుగట్టు:
సరే, జియోలైట్ సంగతి వదిలేద్దాం. బాబూ, నువ్వు ఉండేది భీమవరంలో, ప్రతి వీధిలో ఆక్వా ల్యాబ్ ఉంటుంది. రేపు పొద్దున్నే సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూసిపెట్టమను. రొయ్యల చెరువుకి చూసినట్టే చూస్తారు. ఊహించుకుంటూ కూర్చోవద్దు.

మెహదీపట్నం_అక్వా:
ఇది మంచి మాట అన్నా, మాకు ఇక్కడ కిట్ కొనుక్కోవాలి. ఇంకో సంగతి, కరవడం దాని స్వభావం, మీ మీద కోపం కాదు. ట్యాంక్ దాని ఇల్లు, లోపలికి వచ్చిన చెయ్యి దొంగ. గాజు తుడవడానికి బయటి నుంచే జరిపే మాగ్నెట్ క్లీనర్ వాడండి, రాయి జరపాలంటే మధ్యలో ప్లాస్టిక్ అడ్డు పెట్టి జరపండి. గాజులో తన నీడనే చూసి రోజంతా పోట్లాడుతుంటే వెనకా పక్కలా నల్ల కాగితం అంటించండి. మూడడుగుల ట్యాంక్‌లో ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అనుకున్నా 190 లీటర్లే వస్తాయి. ఇప్పటికి నడుస్తుంది, ముందుముందు నాలుగడుగులది కావాలి.
అన్నయ్యకి ఫోన్ చెయ్యండి. ఆయన ఇన్నేళ్ళు ఏ మేత వేశారో, హీటర్ ఎంత మీద పెట్టారో ఆయనకే తెలుసు.

ఉండిరోడ్డు_27:
ల్యాబ్‌లో చూపించాను. అమ్మోనియా చాలా ఎక్కువ అన్నారు. నీళ్ళు మారుస్తున్నాను, ఉప్పు వేశాను.

గాజుతొట్టి:
పీహెచ్ ఎంత? వెడల్పు, ఎత్తు ఎంత?

ఉండిరోడ్డు_27:
ఈ పోస్టు పెట్టి ఇది ఆరో రోజు. ఇవాళ పొద్దున మూలలోంచి లేచి మధ్యకొచ్చింది. ఒకే ఒక్క గుళిక వేసి చూశాను, తీసుకుంది. అన్నయ్యకి చెప్పాను, ఏమీ అనలేదు, వీడియో కాల్‌లో చేపని చూపించమన్నాడు. థాంక్స్ అండి అందరికీ.