కాజ టోల్ దాటేసరికి కుడికాలు తిమ్మిరెక్కుతోంది, డ్రైవర్ సీటుకి ఏం చేయించాలి?

బ్రాడీపేట అక్క:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. ఉద్యోగం విజయవాడ గవర్నర్‌పేటలో, బ్యాంకులో. ఏడాదిగా కారులోనే వెళ్లి వస్తున్నాను, పోను 35 కిలోమీటర్లు, రాను 35. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు, 2020 మోడల్, అన్నిటికంటే తక్కువ వేరియంట్. అందుకని సీటు ఎత్తు పెంచుకునే లివర్ లేదు. ముందుకీ వెనక్కీ జరపొచ్చు, వీపు వాల్చొచ్చు, అంతవరకే. స్టీరింగ్ మాత్రం పైకీ కిందికీ కదులుతుంది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం.

ఇంటి దగ్గర బయల్దేరి పెదకాకాని దాటేవరకు ఏమీ తెలియదు. నాగార్జున యూనివర్సిటీ దగ్గర కుడి తుంటిలో సన్నగా సలుపు మొదలవుతుంది. కాజ టోల్ దాటేసరికి అది పిక్క దాకా పాకి కాలు తిమ్మిరెక్కుతుంది. వారధి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్న రోజు బ్రేకు మీద కాలు ఉందో లేదో కిందకి చూసుకోవాల్సి వస్తోంది. నొప్పి ఓర్చుకోగలను. బ్రేకు తొక్కే కాలు మొద్దుబారితే మాత్రం ఓర్చుకునే సంగతి కాదు కదా, ముందు బండి మీద పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లేవాళ్లు ఉంటారు. ఆ టెన్షన్‌తోనే ఇక్కడ అడుగుతున్నాను.

మొదట ఇంట్లో ఉన్న బూరుగు దూది దిండు వేసుకున్నాను. రోడ్డు బాగా కనిపించింది గానీ మడమ నేలకి ఆనలేదు, మునివేళ్లతో యాక్సిలరేటర్ తొక్కాల్సి వచ్చింది. మూడో రోజుకి పిక్క పట్టేసింది. తర్వాత ఆన్‌లైన్‌లో జెల్ కుషన్ తెప్పించాను. ఎండలో నిలబెట్టిన కారులో అది సాయంత్రానికి పెనంలా కాలుతోంది. వీపు వెనక పెట్టుకునే జాలీ కూడా కొన్నాను. గాలి బాగానే ఆడుతుంది, నడుము ఆనిస్తే మాత్రం లోపలికి వంగిపోతుంది.

మొన్న ఆదివారం ఇంకో సంగతి గమనించాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేల సమంగా ఉన్నచోట కారు పెట్టి, డ్రైవర్ సీటు మీద చపాతీ పీట వేసి, మావాడి గోలీ ఒకటి మధ్యలో ఉంచాను. తలుపు వైపు దొర్లి కింద పడింది. పీట అటుదిటు తిప్పి పెట్టాను, మళ్లీ తలుపు వైపే. పక్క సీటు మీద అదే పీట, అదే గోలీ పెడితే వీపు వైపు దొర్లింది తప్ప పక్కకి పోలేదు. చేత్తో నొక్కి చూస్తే డ్రైవర్ సీటు కుడి అంచు లోపలికి దిగిపోతోంది, ఎడమ వైపు గట్టిగానే ఉంది. అంటే ఇన్నాళ్లూ ఒక పక్కకి ఒరిగి కూర్చుని నడుపుతున్నాను.

సీటు మొత్తం మార్చాలా, ఫోమ్ మారిస్తే సరిపోతుందా? ఆటోనగర్‌లో నేను అడిగిన రెండు మూడు చోట్లా సీటు కవర్ల కేటలాగే చేతిలో పెట్టారు. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

హైదరాబాద్ ట్రిప్పులు:

అమ్మా, నేను ఇరవై రెండేళ్లుగా ట్యాక్సీ నడుపుతున్నాను. వారానికి రెండు మూడుసార్లు బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్లి వస్తాను. ముందు ఆ దిండు తీసేయండి. సీటుకి కట్టి లేని దిండు సడన్ బ్రేక్ కొడితే ముందుకి జారుతుంది, దాని మీద మనమూ జారతాం. తుంటి ఎముకల మీద ఉండాల్సిన బెల్టు పొట్ట మీదకి ఎక్కుతుంది. బెల్టు పెట్టుకుని కూడా లోపల దెబ్బ తగులుతుంది.

నా బండికి సీటు ముందు అంచు అంగుళం లేపించాను. తొడలకి ఆసరా దొరికి నడుము నొప్పి సగానికి సగం తగ్గింది. మీరూ అదే చేయించండి. రెగ్జిన్ సీటైతే ఎండాకాలం చెక్కపూసల కవర్ వేయండి, గాలి ఆడుతుంది, చెమటకి బట్టలు అతుక్కోవు. తాళ్లు మాత్రం సీటు అడుగున బిగించి కట్టాలి. నేను సూర్యాపేటలో ఆగితే టీ తాగినా తాగకపోయినా పది నిమిషాలు నడుస్తాను.

సీట్ల పని, ఆటోనగర్:

అక్కా, గోలీ పెట్టి చూడటం మంచి పని చేశారు. మా దగ్గరకి వచ్చేవాళ్లు సీటు బాలేదు అంటారు గానీ ఎటువైపు బాలేదో చెప్పలేరు.

డ్రైవర్ సీటుకి తలుపు వైపు అంచు దిగడం మేం రోజూ చూసేదే. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు ఒంటి బరువంతా ఆ అంచు మీదే పడుతుంది. దాని మీద ఇంకో కవర్ వేసినంత మాత్రాన గుంట పూడదు, కంటికి కనపడకుండా పోతుంది అంతే. సీటు దించి, కవర్ పట్టుకుని ఉండే రింగులు కోసి లోపల చూడాలి. పైన ఫోమ్, దాని కింద మందపాటి గుడ్డ, ఆ కింద వంకర తీగ స్ప్రింగులు ఉంటాయి. కొన్ని కార్లలో స్ప్రింగుల బదులు రేకు ఉంటుంది. స్ప్రింగు కొక్కెం ఫ్రేమ్ నుంచి ఊడి ఉంటే ఎంత ఖరీదైన ఫోమ్ వేసినా ఆ పక్క దిగుతూనే ఉంటుంది. అందుకని ముందు స్ప్రింగులు చూపించమనండి. మీ కళ్లతో చూశాకే ఫోమ్ మాట ఎత్తండి.

ఫోమ్ కొనేటప్పుడు వేలితో నొక్కితే హాయిగా దిగిందని తీసుకోవద్దు. డెన్సిటీ అడగండి. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుంది. కూర్చునే చోట అంతకి తక్కువ నేను వేయను, వీపుకి 32 చాలు. డెన్సిటీకీ గట్టిదనానికీ సంబంధం లేదు. 40లో మెత్తనిదీ వస్తుంది, గట్టిదీ వస్తుంది. డెన్సిటీ తక్కువైతే తొందరగా నలిగి గుంట పడుతుంది.

ట్యాక్సీ అన్న చెప్పింది ఎత్తు ఉన్నవాళ్లకి పనికొస్తుంది. మీకు వద్దక్కా. వీపు పూర్తిగా ఆనించి కూర్చుని, మోకాలి మడతకీ సీటు అంచుకీ మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు పట్టాలి. పట్టకపోతే మీకు సీటు పొడవెక్కువైనట్టు. అలాంటి సీటుకి ముందు అంచు లేపితే మోకాలి వెనక నరం దగ్గర ఇంకా నొక్కుతుంది, తిమ్మిరి పెరుగుతుంది. మీ సీటుకి వీపు కింది భాగంలో, నడుము దగ్గర, ఒకటిన్నర అంగుళం నింపితే మీరు ఆ మేరకి ముందుకి వస్తారు. అంచు మోకాలికి దూరమవుతుంది, నడుముకి ఆసరా దొరుకుతుంది. ఒక్క పనితో రెండూ కుదురుతాయి.

ఎత్తు కోసం సీటు పట్టాల కింద వాషర్లో, రేకు ముక్కలో పెడతామని ఎవరన్నా చెబితే అస్సలు ఒప్పుకోకండి. బండి గుద్దుకున్నప్పుడు సీటుని పట్టుకునేవి ఆ బోల్టులే. చాలా కార్లలో బెల్టు బకిల్ కూడా సీటు ఫ్రేమ్‌కే ఉంటుంది. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్ లైన్ అయి ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగిన తర్వాతే దాని మీద చేయి వేయాలి.

ఫిజియో, గుంటూరు:

మేడమ్, సీటు గురించి వారు చెప్పారు, కూర్చోవడం గురించి నేను చెబుతాను. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండేలా సీటు జరపండి. వీపు నిటారుగా వద్దు, కాస్త వాలుగా, 100 నుంచి 110 డిగ్రీలు చాలు. భుజాలు సీటుకి ఆనించి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పై అంచు మీదకి రావాలి. రొమ్ము ఎముకకీ స్టీరింగ్ మధ్య భాగానికీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి అంత చోటు కావాలి. పొట్టిగా ఉన్నవాళ్లు బాగా ముందుకి జరిగి కూర్చుంటారు, మీరు ఇది తప్పకుండా టేపుతో కొలిచి చూసుకోండి. మగవాళ్లు వెనక జేబులో పర్సు తీసి నడపాలి, దాని వల్ల కూడా ఇలాగే ఒక పక్కకి ఒరిగి తుంటిలో నరం నొక్కుకుంటుంది.

సీటు పని తర్వాత చేయించుకోవచ్చు, ముందు డాక్టర్‌కి చూపించుకోండి. మోకాలి కిందకి తిమ్మిరి రోజూ వస్తోందంటే నరం పరీక్ష చేయించాలి. పాదం పైకి ఎత్తలేకపోయినా, కూర్చునే చోట స్పర్శ తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్క రోజు కూడా ఆగొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

బ్రాడీపేట అక్క:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండీ. వేళ్లు పెట్టి చూశాను, ఒక్క వేలు కూడా సరిగ్గా పట్టలేదు. స్టీరింగ్ దూరం టేపుతో కొలిస్తే 21 సెంటీమీటర్లు వచ్చింది. ఇన్నాళ్లూ అంత దగ్గరగా కూర్చున్నానని నాకు తెలియనే తెలియదు. డాక్టర్ దగ్గరకి రేపే వెళ్తున్నాను.

బ్రాడీపేట అక్క, 19 రోజుల తర్వాత:

చేయించాను. వివరంగా రాస్తున్నాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

డాక్టర్ కాలు పరీక్షించి బలం తగ్గలేదని, కూర్చునే తీరు వల్లే నొక్కుకుంటోందని చెప్పి వ్యాయామాలు రాశారు. ఆ తర్వాత రెండో శనివారం, బ్యాంకు సెలవు కాబట్టి, పొద్దున్నే ఆటోనగర్ వెళ్లాను. పని జరిగినంతసేపూ పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను.

కవర్ విప్పగానే పసుపుపచ్చ పొడి రాలింది. కుడి అంచు ఫోమ్ వేళ్ల మధ్య నలిపితే శనగపిండిలా అయిపోయింది. కింద గుడ్డ జానెడు చిరిగి ఉంది. దాని కింద చివరి స్ప్రింగు కొక్కెం ఊడి వేలాడుతోంది, దాని కొస ఫోమ్‌లోకి గుచ్చుకుని ఉంది. కారు కదిలినప్పుడల్లా ఆ కొస లోపలి నుంచి ఫోమ్‌ని కోస్తూ వచ్చిందన్నమాట. ఆ సందులో ఒక రెండు రూపాయల బిళ్ల, చింతగింజ, ఎవరో చిన్నపిల్ల తలకి పెట్టుకునే ఎర్ర క్లిప్పు దొరికాయి. పాత ఓనరు గారి పాపదే అయి ఉంటుంది, క్లిప్పు పారేయాలనిపించక డ్యాష్‌బోర్డ్‌లో పెట్టాను.

కొక్కెం మళ్లీ బిగించి, గుడ్డ మార్చి, కింద 40 డెన్సిటీ గట్టి ఫోమ్ వేశారు. ఎత్తు ముప్పావు అంగుళం పెరిగింది. అంతకి మించితే మడమ మళ్లీ లేస్తుందని నేనే వద్దన్నాను. నడుము దగ్గర ఒకటిన్నర అంగుళం అన్నది మొదట వేస్తే నా వీపుకి ఎక్కువైంది, నిమ్మకాయ మీద ఆనినట్టు ఉంది. విప్పి అంగుళానికి కోయించాను. అతను విసుక్కోకుండా రెండోసారి కుట్టారు. కవర్ పాతదే, ఉతికి వేసుకున్నాను. అన్నీ కలిపి 2,400 రూపాయలు, మధ్యాహ్నం రెండింటికి అయిపోయింది. చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్న చదునైన షూ వేసుకుంటున్నాను, మడమ కదలకుండా ఆనుతోంది. ఫిజియో గారు చెప్పినట్టు వీపు కాస్త వాల్చి, సీటు జరుపుకున్నాక స్టీరింగ్ దూరం ఇప్పుడు 26 సెంటీమీటర్లు.

ఇంటికి వచ్చి మళ్లీ సెల్లార్‌లో పీట, గోలీ పెట్టాను. వీపు వైపు దొర్లింది, పక్క సీటులో లాగే. మావాడు చప్పట్లు కొట్టాడు.

మొదటి వారం తుంటిలో సలుపు ఉంది, ఇప్పుడు సాయంత్రం తిరుగు ప్రయాణంలో మాత్రం ఎప్పుడైనా వస్తోంది. నిన్న వర్షానికి వారధి మీద నలభై నిమిషాలు ఆగిపోయాం. కాలు తిమ్మిరెక్కలేదు.

ఒక్క సందేహం. మా అమ్మగారిని నెలకోసారి పక్కన కూర్చోబెట్టుకుని హైదరాబాద్ తీసుకెళ్తాను. ఆవిడ సీటు కూడా ఇలాగే విప్పించవచ్చా?

సీట్ల పని, ఆటోనగర్:

విప్పొచ్చు అక్కా, కానీ మీది 2020 మోడల్. 2019 జూలై నుంచి పక్క సీటుకి కూడా బెల్టు అలారం తప్పనిసరి చేశారు కాబట్టి మనిషి కూర్చున్నారని గుర్తించే సెన్సర్ ఆ సీటులో ఉంటుంది. చాలా కార్లలో అది ఫోమ్‌కీ కవర్‌కీ మధ్య పల్చటి షీటులా ఉంటుంది. మడత పడకుండా తీసి అదే చోట పెట్టాలి, దాని మీద మందపాటి ఫోమ్ వేయకూడదు. పని అయ్యాక అమ్మగారిని కూర్చోబెట్టి, బెల్టు పెట్టకుండా బండి స్టార్ట్ చేసి బెల్టు హెచ్చరిక, లైటు గానీ అలారం గానీ, వస్తుందో లేదో అక్కడే చూసుకోండి. వచ్చాకే డబ్బులివ్వండి.