అప్‌డేట్: కారు తీసుకున్నాం, సూట్‌కేసులతో సహా చూసుకుని

అమ్మానాన్న, మేమిద్దరం, పాప. హైదరాబాద్ నుంచి విజయవాడ తరచూ వెళ్లే మాకు బీఎండబ్ల్యూ ఎక్స్1, ఆడి క్యూ3, మెర్సిడెస్ జీఎల్ఏ కార్లలో ఏది సరిపోతుందని పోయిన నెల ఇక్కడ అడిగాను. "డిక్కీ ఎన్ని లీటర్లన్న లెక్క పక్కనపెట్టి, మీ సామాను, మీ మనుషులతో వెళ్లి చూడండి" అని మీరు అన్నారు. అలాగే చేశాం.

ముందు అందరూ ఎక్కారు. నాన్న ముందు సీటును తనకు కావలసినంత వెనక్కి జరుపుకున్నాక, ఆయన వెనకాలే అమ్మను కూర్చోబెట్టాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. కాళ్లకు చోటున్నా సీటు కిందికి ఉంటే తొడలకు ఆనదు, లేవడమూ కష్టం. ఈ సంగతి ఏ బ్రోషర్‌లోనూ కనిపించలేదు. వెనక ముగ్గురంటే మాత్రం మూడింట్లోనూ ఇరుకే. మధ్యలో పాప కాబట్టి సర్దుకున్నాం.

తర్వాత డిక్కీ. క్యూ3కి 530 లీటర్లు అంటారు. ఆ కొలత 20×10×5 సెంటీమీటర్ల చిన్న దిమ్మలు పేర్చి తీసేది. పెద్ద సూట్‌కేసు అలా మూలల్లో ఒదగదు కదా. ఒక కారులో స్టెప్నీ డిక్కీలోనే ఉంది, రెండో సూట్‌కేసు పట్టలేదు. డిక్కీల ఎత్తు, వెడల్పు టేపుతో కొలిచాను.

చివరికి క్యూ3 తీసుకున్నాం. వెనక సీటు ముందుకూ వెనక్కీ జరగడమే కారణం. పండక్కి ఊరెళ్లేటప్పుడు కాస్త ముందుకు జరిపితే ఊరగాయ జాడీలకూ చోటు దొరుకుతుంది. సలహా ఇచ్చిన అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.