వియత్నాంలో భూమి రైతుదా, సర్కారుదా?

కోవూరు కుర్రోడు:
మా తాత పాత కమ్యూనిస్టు పార్టీ మనిషి. సుందరయ్య గారి అలగానిపాడు మాకు దగ్గరే, ఆయన మాట రాని పూట ఉండదు మా ఇంట్లో. వియత్నాంలో ఇప్పటికీ భూమి సర్కారుదే అంటాడు తాత. రొయ్యల మేత అమ్మే మా బాబాయేమో, అదెప్పుడో ఎత్తేశారు, రైతులకు పంచాకే బియ్యం ఎగుమతి చేస్తున్నారు అంటాడు. పండక్కి ఇద్దరికీ పెద్ద రభసే అయింది. ఎవురిది కరెక్టు?

ఇందుకూరుపేట గుత్త రైతు:
ఇద్దరిదీ కరెక్టే అబ్బయా. చట్టం ప్రకారం భూమి ప్రజలందరిదీ, పెత్తనం సర్కారుది. మారిందల్లా పండిన దాంట్లో ఎవురికెంత అనే లెక్క. కూలికి చేసేవాణ్ణి గుత్తకు, అంటే కౌలుకు మార్చారనుకో, అంతే.

ముందు అందరూ కలిసి సాగుచేసే సహకార సంఘాలుండేవి. వాటిల్లో చేసిన పనికి పాయింట్లు రాసేవాళ్లు. సర్కారు వాటా, సంఘం ఖర్చులు పోను మిగిలిన వడ్లు పాయింట్ల లెక్కన పంచేది. కలుపు పైపైన గిల్లి గట్టెక్కినోడికీ, వేరుతో పీకినోడికీ ఒకటే పాయింటు. ఇంక ఎవురు వంగుతారు? 1966లో విన్ ఫుక్ ప్రావిన్సు పార్టీ కార్యదర్శి కిమ్ న్గోక్ ఇంటింటికీ పొలం ఒప్పజెప్పి చూశాడు. 1968లో పైవాళ్లు ఆపేసి, ఆయన చేతనే తప్పయిందని రాయించారు.

మళ్లీ 1981లో అదే దారికొచ్చారు, ఆదేశం 100 అని. దుక్కి, విత్తనం, నీళ్లు, ఎరువు, మందు సంఘానివి. నాటు, సాకుడు, కోత ఇంటోళ్లవి. ఒప్పుకున్నంత సంఘానికి కొలిచి, పైది ఉంచుకోవచ్చు. మొదట్లో బాగానే నడిచింది. పండే కొద్దీ ఒప్పుకోలు పెంచుకుంటా పోయారు. ఈ బాధ నాకు కొత్త కాదు. కళ్లంలో పుట్లు కొలిచేటప్పుడు ఆసామి మొహం చూస్తేనే తెలుస్తాది, పై ఏడు గుత్త పెరుగుతాదని. అక్కడ చానామంది చేలు సంఘానికే తిరిగిచ్చేశారు.

1988 ఏప్రిల్‌లో తీర్మానం 10 వచ్చింది. ఇంటోళ్లకు పొలం 15 ఏళ్లకు, సంఘానికి ఇచ్చే లెక్క 5 ఏళ్లు కదలకుండా. ఆ ఏడు బియ్యం దిగుమతి చేసుకున్న దేశం, 1989లో సుమారు 14 లక్షల టన్నులు బయటికి పంపింది.

ఒంగోలు మాస్టారు:
గుత్త రైతు గారు బాగా చెప్పారు గానీ, ఘనతంతా పొలం పంపకానికే ఇస్తే ఒప్పుకోను. 1986 డిసెంబరు పార్టీ మహాసభలో దోయ్ మోయ్ పేరుతో ఆర్థిక సంస్కరణలు ప్రకటించారు. ఆ సంవత్సరం ధరలు ఏడు రెట్లకు పైగా పెరిగాయి. 1989కి సర్కారు ధరల కట్టడి చాలావరకు ఎత్తేసింది, వడ్లకు బజారు ధర దొరికింది. పొగాకు వేలం చూసినవాళ్లకు ధర అంటే ఏంటో నేను చెప్పాలా?

చైనాలోనూ అంతే. 1978లో షియావోగాంగ్ అనే ఊళ్లో 18 ఇళ్లవాళ్లు ఉమ్మడి పొలాన్ని రహస్యంగా పంచుకుని, ఆ ఒప్పందం మీద వేలిముద్రలు వేసిన కథ అందరూ చెప్తారు. 1979లో ధాన్యం సేకరణ ధర 20 శాతం పెంచి, కోటాకు మించి అమ్మినదానికి ఇంకో 50 శాతం కలిపారని ఎవరూ చెప్పరు. హైబ్రిడ్ వరి, ఎరువుల ఫ్యాక్టరీలు కమ్యూన్లు, అంటే ఉమ్మడి సేద్యపు వ్యవస్థ, ఉండగానే వచ్చాయి. 1978లో 30 కోట్ల టన్నులున్న తిండిగింజలు 1984కి 40 కోట్లు దాటడంలో వీటన్నిటి వాటా ఉంది.

కోవూరు కుర్రోడు:
సరే మాస్టారూ. మరి ఆ పొలం అమ్ముకోవచ్చా వాళ్లు?

ఇందుకూరుపేట గుత్త రైతు:
ధర సంగతి మాస్టారు చెప్పిందే నిజం, కాదన్ను. గింజ మొత్తం నాదే అయినా మిల్లు కాడ రేటు లేకపోతే ఏం లాభం.

అమ్మకం గురించి: అమ్మేది భూమిని కాదు, సాగుచేసే హక్కును. 1993 చట్టంతో వరి లాంటి పంటలకు ఆ హక్కు 20 ఏళ్లు, 2013 చట్టంతో 50. బదిలీ చేయొచ్చు, కౌలుకీయొచ్చు, బిడ్డలకు రాయొచ్చు, బ్యాంకులో తాకట్టు పెట్టొచ్చు. ఈ ఆఖరి దానికే నాకు కడుపు మంట. నాకూ కౌలు రైతులకిచ్చే సాగు హక్కు కార్డు ఉండాది. ఎడగారు పంటకు అప్పు కోసం తీసుకుపోతే, ఆ సర్వే నంబరు మీద బెంగళూరులో ఉండే ఆసామి పంట రుణం ముందే తీసేసుకున్నాడు, ఒక పొలానికి రెండు అప్పులు కుదరవు పొమ్మన్నారు.