అడుగు లోతులోనే గ్రానైటు తగిలే నేల: కొనవచ్చా?
మాది కోనసీమ, అమలాపురం దగ్గర కొబ్బరి తోట. ఇక్కడ ఎంత తవ్వినా రాయి తగలదు, అంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. ఇప్పుడు మా చెల్లెలి కోసం అనంతపురం జిల్లాలో 4 ఎకరాలు చూశాము. అడుగు తవ్వేసరికి గరుసు, దాని కింద గ్రానైటు. చేతిలోకి తీసుకుంటే మన్ను కంటే పలుగురాతి రవ్వే ఎక్కువ. పోసిన బిందెడు నీళ్లు చూస్తుండగానే ఇంకిపోయాయి.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట ఈ నేల తేమను ఎన్నాళ్లు పట్టి ఉంచుతుంది? కింద ఉన్నది చివికిన రాయా, గట్టి బండా అన్నది కొనకముందే తెలుసుకోవడం ఎలా? పగుళ్లలోకి దానిమ్మ వేరు దిగుతుందా? చెరువు మట్టి తోలితే నిలుస్తుందా, వానకు కొట్టుకుపోతుందా?

అలాంటి నేలలో సాగు చేసినవారు దయచేసి చెప్పండి. చెల్లెలు దాచుకున్న డబ్బంతా ఇందులోనే పెడుతోంది.