వేడి సాంబారు ప్లాస్టిక్ కవర్లో: కడుపుతో ఉన్నవాళ్లు మానాలా, ఇది ఉత్త భయమా?

అలిపిరి అల్లుడు (తిరుపతి):
మా ఆవిడకి మూడో నెల. మొన్న రాత్రి ఇడ్లీ, సాంబారు పార్సిల్ తెచ్చాను. ముడి విప్పబోతే చెయ్యి కాలింది, అంత వేడి. మా వదిన ఆ కవరు లాక్కుని సింకులో పారబోసింది. ప్లాస్టిక్కుల్లో, పురుగుమందుల్లో ఉండే కొన్ని రసాయనాలు థైరాయిడ్ హార్మోన్ పనిని చెడగొట్టి కడుపులో బిడ్డ మెదడుకు చేటు చేస్తాయని పారిస్ సైంటిస్టు బార్బరా డెమెనెక్స్ అంటున్నారట. తీరా చూస్తే ఆవిడ పరీక్షలు చేసింది తోకకప్పల మీద! కప్పల్ని చూసి మనం సాంబారు పారబోయాలా? నాకైతే అతిగా ఉంది.

జువాలజీ మేడం:
కప్పల్ని అంత తేలిగ్గా తీసేయకండి. థైరాయిడ్ హార్మోన్ వాటిలోనూ మనలోనూ ఒకటే. అది అందకపోతే తోకకప్ప కప్పగా మారదు, మన బిడ్డకి మెదడు సరిగా ఎదగదు. ఆవిడ బృందం తోకకప్పల్లో మెరిసే జన్యువు పెట్టింది. హార్మోన్ పని తేడా వస్తే మెరుపులో తేడా కనిపిస్తుంది. 2017లో ఏం చేశారంటే, ఉమ్మనీటిలో తరచూ దొరికే 15 రసాయనాలను అక్కడ దొరికే మోతాదులోనే కలిపి, అందులో తోకకప్పల్ని మూడు రోజులు ఉంచారు. మెదడు కణాల తీరు మారింది, ఈత మందగించింది. మొదటి మూడు నెలలూ బిడ్డకి తల్లి హార్మోనే దిక్కు. మీ వదిన కంగారు అందుకే.

పాత కెమిస్టు (చిత్తూరు):
తోకకప్ప ఆ నీళ్లలోనే మునిగి ఉంటుంది మేడం. మన బిడ్డకి మధ్యలో తల్లి కాలేయం ఉంది, మాయ (ప్లాసెంటా) ఉంది. ఇంకోటి, సాంబారు కవరు పాలిథిన్. మీరంతా భయపడే బిస్ఫినాల్ ఏ అనే రసాయనం ఉండేది పాలికార్బనేట్ సీసాల్లో, టిన్నుల లోపలి పూతలో. ప్లాస్టిక్ అనగానే అన్నిటినీ ఒకే గాటన కడితే ఎట్లా?

జువాలజీ మేడం:
కవరు సంగతి ఒప్పుకుంటాను. మాయ సంగతి ఒప్పుకోను. ఉమ్మనీటిలో దొరికాయంటేనే మాయ దాటినట్టు కదా సార్! 2022లో సైన్స్ పత్రికలో స్వీడన్ గర్భిణుల మీద పరిశోధన వచ్చింది. మొదటి నెలల్లో ఇలాంటి రసాయనాల మిశ్రమం ఒంట్లో ఎక్కువున్న తల్లుల పిల్లల్లో, 30 నెలల వయసుకి మాటలు ఆలస్యం కావడం ఎక్కువగా కనిపించింది. అది కాకతాళీయమేమో అంటారనే, ఆ మిశ్రమాన్నే మనిషి కణాల మీదా తోకకప్పల మీదా పెట్టి చూశారు.

తోతాపురి (బంగారుపాళెం):
టిన్నుల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మా మామిడి గుజ్జు టిన్నుల్లో యూరప్‌కి పోతుంది. ఆహారానికి తగిలే వాటిలో బిస్ఫినాల్ ఏ వద్దని వాళ్లు 2024 డిసెంబర్లో నిషేధం తెచ్చారు, మార్చుకోవడానికి గడువిచ్చి. పూత మార్చే ఖర్చు ఎవరి మీద పడుతుందో మాకు తెలియదా? కాయ రేటు దగ్గరే కోస్తారు. అది సరే, మనదేశంలో మాత్రం పసిబిడ్డల పాలసీసాల్లో నిషేధించి అక్కడే ఆగినాము. వాళ్ల పిల్లలకి కొత్త టిన్ను, మన పిల్లలకి పాత టిన్నా సామీ?

హోటల్ అన్న:
అందరూ మా మీద పడతారు గానీ, క్యారియర్ తెమ్మంటే తెచ్చేవాళ్లు పదిమందిలో ఒకరు. తిరుమల కొండ మీద ప్లాస్టిక్ సీసాలు ఆపి గాజు సీసాలు పెడితే జనం అలవాటు పడలేదా? పైవాళ్లు ఆపితేనే ఆగుతుంది. క్యారియర్ తెచ్చినోళ్లకి నేను సాంబారు ఒక గరిటె ఎక్కువే పోస్తా.

అలిపిరి అల్లుడు:
సరే, స్టీలు క్యారియర్ కొంటాను, ఆ గరిటె సాంబారు కోసమైనా. వదిన ఇంకా ఆగలేదు. పొడి ఉప్పు కూడా కెమికలే అని, అయోడిన్ కలపని కల్లుప్పు తెచ్చి డబ్బా నింపింది.

జువాలజీ మేడం:
అయ్యో, ముందు ఆ ఉప్పు మార్చండి! థైరాయిడ్ హార్మోన్ తయారయ్యేదే అయోడిన్‌తో. కవరు కంటే అదే ఎక్కువ టెన్షన్ పెట్టే విషయం. థైరాయిడ్ సరిగా ఉందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించారా? లేకపోతే డాక్టర్ని అడగండి.

అలిపిరి అల్లుడు:
పరీక్షకి రేపే తీసుకెళ్తాను. ఉప్పు సంగతి మాత్రం వదినకి మీరే చెప్పాలి మేడం, నంబర్ ఇస్తాను.