సమస్యాపూరణం: ఒక్కఁడే పరుగిడి యోడిపోయె

నిర్వాహకుడు
ఈ వారం విషయం చిలీ సైనిక నియంత పినోచే (1915–2006), ఆయన ఎదుగుదల. సమస్య ఇది:

ఒక్కఁడే పరుగిడి యోడిపోయె

1988 అక్టోబరు 5న ఆయన ఒక్కడే అభ్యర్థిగా నిలబడి ఓడిపోయాక, ఫోర్టీన్ మపోచో పత్రిక "ఒక్కడే పరుగెత్తి రెండోవాడుగా వచ్చాడు" అనే అర్థంలో శీర్షిక పెట్టింది. ఆ మాట ఆటవెలదిలో ఇంత ఒద్దికగా కూర్చుంటుందని చూశాక ఇవ్వకుండా ఉండలేకపోయాను. నాలుగో పాదంగానే పూరించండి. చరిత్ర తప్పినా యతి తప్పినట్టే.

కృష్ణాతీరం
తానె వ్రాసికొన్న తన శాసనము నమ్మి
ప్రజల నడిగె నొక్క ప్రశ్న తుదకు
వలదు వలదటంచుఁ బలికె నా చిలి యెల్ల
నొక్కఁడే పరుగిడి యోడిపోయె

పాతపలక
ఎత్తుగడ బాగుంది. "తన శాసనము నమ్మి" అన్న చోటే అసలు కథ ఉంది. 1980 రాజ్యాంగంలో తాత్కాలిక నిబంధనలని కొన్ని పెట్టారు. వాటి ప్రకారం త్రివిధ దళాల అధిపతులు, పోలీసు అధిపతి కలిసి ఒకే పేరు ప్రతిపాదించాలి. ప్రజలు అవుననో కాదనో చెప్పాలి. ఆ నలుగురిలో సైన్యాధిపతి ఎవరు? పినోచేయే. ఆగస్టు 30న ఆయన పేరే ప్రతిపాదించారు. కాదంటే ఏడాదిలో పలువురు పోటీ చేసే ఎన్నిక జరిపించాలని కూడా అందులోనే ఉంది.

కానీ "చిలి యెల్ల" దగ్గర ఒప్పుకోను. చెల్లిన ఓట్లలో "వద్దు" 55.99 శాతం, "కావాలి" 44.01 శాతం. ఓడినా 1998 మార్చి దాకా సైన్యాధిపతిగా నిలిచినవాడి వెనక ఆ 44 శాతం ఉంది. వాళ్ళని పద్యంలోంచి తుడిచేయకూడదు. పైగా చిలీకి దీర్ఘం పోయింది. ఇలా మార్చి చూడండి:

వలదు వలదటంచుఁ బలువురు పలుకంగ

యతి అక్కడే ఉంటుంది, నాలుగో పాదానికి నకారమూ సాఫీగా అందుతుంది.

యతిమైత్రి
రెండో పాదం ఎవరూ చూడలేదా? "నొక్క ప్రశ్న"లో ప్ర ముందున్న క్క గురువు కాదా?

మంజీర
కాదండీ. సమాసం కాదు, వేరు పదం. లఘువుగానే చెల్లుతుంది. పోయినసారి నా "పెద్ద ప్రాకారం" మీద కూడా ఇదే అభ్యంతరం తెచ్చారు, అప్పుడూ ఇదే జవాబు చెప్పాను. పాతపలక గారి సవరణ మాత్రం బంగారం.

నా పూరణ. పరుగెత్తినవాడు పినోచే కాదు:

తోడివారు తొలఁగఁ దోఁచక ప్రాట్సుఁడు
పదవి వీడి తాను బంటు నొకని
నమ్మి చూపె నయ్య నాయకునకు నంత
నొక్కఁడే పరుగిడి యోడిపోయె

నిర్వాహకుడు
అమ్మా, ఈ వారం మొదటి మలుపు ఇదే. సమస్య చూడగానే అందరి బుద్ధీ 1988కి పరుగెడుతుంది, మీరు 1973కి వెళ్ళారు. కార్లోస్ ప్రాట్స్ రాజ్యాంగానికి కట్టుబడిన సేనాని. జూన్ 29న ట్యాంకుల తిరుగుబాటు వస్తే తానే ఎదురు వెళ్ళి అణచినవాడు. ఆగస్టు 21న సైనికాధికారుల భార్యలు ఆయన ఇంటి ముందు నిరసనకు దిగారు. తనకు మద్దతు తెలపమని జనరళ్ళని అడిగితే ఎక్కువమంది ముందుకు రాలేదు. 23న రాజీనామా చేసి, అధ్యక్షుడు అయెందేకు పినోచే పేరు చెప్పాడు. సరిగ్గా 19 రోజులకు, సెప్టెంబరు 11న, అయెందేను కూలదోసిన సైనిక కుట్ర. మరుసటి ఏడు సెప్టెంబరు 30న బ్యూనస్ ఎయిరిస్‌లో కారు బాంబుకు ప్రాట్స్, ఆయన భార్య సోఫియా బలయ్యారు. పెట్టించింది పినోచే రహస్య పోలీసు, దీనా.

పాతపలక
మలుపుకు నమస్కారం. "నయ్య" మాత్రం గణం నింపడానికి వచ్చింది. చెప్పాల్సిన సంగతి పక్కనే ఉండగా పూరకం ఎందుకు?

నమ్మి చెప్పెఁ బేరు నాయకునకు నంత

ఇంకొకటి. "తోడివారు తొలఁగ" అని అందరినీ ఒకే గాట కట్టారు. సెపుల్వేదా, పికరింగ్ అనే ఇద్దరు జనరళ్ళు ప్రాట్స్‌తో పాటే రాజీనామా చేశారు. ఒకరి చేతిలో సాంటియాగో దళం, మరొకరి చేతిలో సైనిక విద్యాలయాలు. రాజధానిలో కుట్రకు అడ్డుపడగల రెండు కుర్చీలూ ఆ వారంలోనే ఖాళీ అయ్యాయి. మంచివాళ్ళు తప్పుకోవడమే దారి తెరిచింది. ఇది ఇంకో పద్యానికి సరిపడా విషయం, రాయండి.

కృష్ణాతీరం
"పేరు" పడ్డాక పాదం బిగిసింది. "నంత నొక్కఁడే" అన్నచోట కర్త ప్రాట్సా, అయెందేయా? అయెందే అనుకున్నా అర్థం నిలుస్తుంది. కుట్ర ఉదయం ఆయన పినోచే కోసం ఫోన్లు చేయించి, దొరక్కపోతే, పాపం అతన్నీ బంధించి ఉంటారని అనుకున్నాడట. ఆ సమయానికి పినోచే పెన్యాలోలెన్‌లోని సమాచార కేంద్రం నుంచి దాడి నడిపిస్తున్నాడు.

మంజీర
రెండూ వినిపించాలనే కర్తని అక్కడ పెట్టలేదు. "చెప్పెఁ బేరు" తీసుకుంటున్నాను.

యతిమైత్రి
నా వంతు:

నలుగు రొక్క బల్ల నాయకు లైయుండ
వంతు లనిరి మొదట, వైమానికునిఁ
బ్రక్కఁ ద్రోసివైచి పదవిలో మిగులంగ
నొక్కఁడే పరుగిడి యోడిపోయె

కుట్ర తర్వాత గద్దెనెక్కిన సైనిక మండలిలో సైన్యానికి పినోచే, నౌకాదళానికి మెరీనో, వాయుసేనకు లీ, పోలీసుకు మెందోసా. అధ్యక్ష స్థానం వంతులవారీగా మారుతుందని మొదట చెప్పింది పినోచేయే. 1974 జూన్ 27న జాతికి సర్వాధిపతి అన్న బిరుదు తీసుకున్నాడు, డిసెంబరు 17న గణతంత్ర అధ్యక్షుడయ్యాడు. ఎదురు మాట్లాడిన లీని 1978 జూలై 24న పదవి నుంచి తీసేశారు. వంతు అందుకునేవాడు లేని పరుగు కాబట్టి ఒక్కడే.

పాతపలక
భావం అమోఘం. "వైమా" రెండు గురువులు. ఆటవెలది సరిపాదంలో అది ఎక్కడా కూర్చోదు. నొక్క ప్రశ్నలో లేని గురువుని పట్టుకున్నవారికి ఉన్న గురువు కనబడాలి.

యతిమైత్రి
పాతపలక గారు గురువుల సంగతి ఎత్తారు కాబట్టి "వియ్యపు దొర యిల్లు వెడలఁగొట్టె" సమస్యకు వారి పూరణ గుర్తు చేస్తాను. పరాగ్వే నియంత స్ట్రోస్నర్ మీద రాశారు. గణాలు తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆయన్ని దించిన ఏడాది 1988 అని పద్యంలోనే బిగించారు. జనరల్ రొడ్రిగెజ్ వియ్యంకుడి మీద తిరుగుబాటు చేసింది 1989 ఫిబ్రవరిలో. 35 ఏళ్ళ పాలనకు ముగింపు తేదీ అది. ఏడాది తప్పిన పద్యానికి అప్పుడు చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టాను.

పాతపలక
ఆ పద్యంలో నేను చెప్పదలచింది అత్యవసర స్థితి గురించి. 90 రోజులకోసారి పొడిగిస్తూ, పోలింగు రోజున మాత్రం ఎత్తేస్తూ దశాబ్దాలు నడిపాడు. అంత పద్ధతిగా సాగిన నిర్బంధం మరొకటి అరుదు. దాని మీద వేరే సమస్య ఇస్తే అక్కడ మాట్లాడతాను. ఇక్కడ మీ పాదం బాగుచేద్దాం:

వంతు లనిరి మొదట, వాయుసేన
పతినిఁ ద్రోసివైచి పదవిలో మిగులంగ

మంజీర
ఈ సవరణతో పద్యంలో ఇంకో అందం వచ్చింది. "వాయుసేన" అన్న మాట పాదం చివర నిలిచి, పతి కింది పాదానికి జారాడు. చరిత్రలోనూ అంతే: లీ పోయాడు, వాయుసేన కుర్చీ మిగిలింది. అందులో మాత్తేయ్‌ని కూర్చోబెట్టారు. 1988 అక్టోబరు 5 అర్ధరాత్రి దాటాక, ఫలితం ప్రకటించకుండా ప్రభుత్వం నాన్చుతున్న వేళ, అధ్యక్ష భవనం లా మొనేదాలోకి వెళ్తూ "వద్దు" గెలిచిందని విలేకరులకు చెప్పింది ఆ మాత్తేయే. ఆ మాట బయటపడ్డాక లెక్కల్ని దాచడం ఎవరి తరమూ కాలేదు. యతిమైత్రి గారూ, ఈ పద్యం మీ పూరణల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది.

పాతపలక
క్రమాలంకారంలో ప్రయత్నం, మూడు ప్రశ్నలకు సమస్యలోని మూడు మాటలే వరుసగా జవాబులు:

ఎవఁడు మిగిలె గద్దె నెనుబది యొకటిలో
నెట్టు లందె సేన నేలు పదవి
నేమి యయ్యె నెన్ని కెనుబది యెనిమిది
నొక్కఁడే పరుగిడి యోడిపోయె

యతిమైత్రి
మొదటి ప్రశ్న దిట్టం. 1981 మార్చి 11న కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చాక సైనిక మండలి శాసనాలకే పరిమితమైంది, పాలన అంతా ఒక్కడి చేతిలో. మూడోదానికి తిరుగులేదు. రెండోది తేలిపోయింది. సేన నేలు పదవికి పరుగెత్తాడా? 1933లో సైనిక పాఠశాలలో చేరి, 1973లో సేనాధిపతి అయ్యాడు. మధ్యలో పిసాగువా నిర్బంధ శిబిరం, కీటోలో సైనిక విద్యాలయం, భౌగోళిక రాజనీతి పాఠాలు. నలభై ఏళ్ళు మెట్టు మెట్టుగా, ఎవరి కంటా పడకుండా ఎక్కినవాడు. కనబడకపోవడమే అతని బలం, అందుకే ప్రాట్స్ నమ్మాడు.

పరుగు ఉన్నది కుట్రలో. పథకం నౌకాదళానిది, వాయుసేనది. సెప్టెంబరు 9 ఆదివారం, పినోచే ఇంట్లో కూతురి పుట్టినరోజు జరుగుతుండగా లీ వచ్చాడు, వెనకే మెరీనో చీటీ వచ్చింది: 11వ తేదీ, ఉదయం ఆరు గంటలు. దాని కింద లీ, పినోచే ఇద్దరూ సమ్మతమని సంతకాలు పెట్టారు. సాంటియాగో బలమంతా మొదటి క్షణం నుంచే దింపకపోతే మనం బతకమని చీటీ వెనక అగస్టోకు, అంటే పినోచేకు, హెచ్చరిక కూడా ఉంది. చివరగా ఎక్కి, అందరికన్నా ముందు కూర్చున్నాడు. కాబట్టి:

నెట్టు సేరెఁ గుట్ర నింతలోన

ప్రశ్న ఇదైతే "పరుగిడి" అన్నది నిజమైన జవాబవుతుంది.

పాతపలక
తీసుకున్నాను. ఇంతకన్నా సరైన పాదం నాకు తట్టదు.

నిర్వాహకుడు
సంకలనంలోకి సవరించిన పాదాలతోనే ఎక్కిస్తున్నాను: కృష్ణాతీరం మూడో పాదం, మంజీర మూడోది, యతిమైత్రి రెండు, మూడు, పాతపలక రెండోది. సవరణ ఇచ్చినవారి పేరు పద్యం కింద ఉంటుంది. ఈ వారం ఉత్తమ పూరణ మంజీర గారిది. సెపుల్వేదా, పికరింగ్‌ల మీద పద్యం బుధవారం లోపు పంపితే అదీ చేరుస్తాను. పాతపలక గారు అడిగిన 90 రోజుల సమస్య వచ్చే వారం కందంలో ఇస్తాను, ప్రాస ద్విత్వం.